ముప్పై సీసాలు, ఒక చిటికెడు

మా పొరుగాయనతో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట, "మీ సీసాలు శుభ్రంగా లేవు."

నమస్కారం లేదు, హలో లేదు. కంచె మీదుగా తల పెట్టి, ఇంగ్లీషులో, గట్టిగా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. కాని ఆ రోజు డైరీ పేజీలో నవ్వేమీ లేదు. "పక్కింటాయన పులిసిపోయిన బీరు నిమ్మచెట్టు మొదట్లో పారబోస్తున్నాడు. పద్నాలుగు సీసాలు లెక్కపెట్టాను. కారణం చెప్పాను. సంతోషించలేదు." అంతే.

నా డైరీలన్నీ బల్ల పక్కన రెండు అరల్లో వరసగా ఉన్నాయి. వాటిలో 1999ది ఒక్కటే తెరిస్తే చప్పుడు చేస్తుంది. డిసెంబరు పేజీలు తడిసి ఎండి అప్పడాల్లా బిగుసుకుపోయాయి. ఎందుకు తడిశాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేము ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వచ్చింది మా ఆవిడ ఉద్యోగం మీద. ఆవిడకి కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాష వచ్చు. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నాయనీ, డిసెంబరు ముప్పై ఒకటి దాటి రెండు సున్నాలొస్తే వాటికి మతి పోతుందనీ అందరూ భయపడుతున్న రోజులవి. కోబాల్ వచ్చినవాళ్ళని దేశదేశాలవాళ్ళు పిలిచి పీట వేస్తున్నారు. మా ఆవిడకి మాసన్ లేక్స్ దగ్గర టెక్నాలజీ పార్కులో పీట దొరికింది. మాసన్ లేక్స్ అప్పటికి సగం చెరువూ సగం మట్టికుప్పలూ. అందుకని పక్కనున్న పాత పేటలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. నేనూ, ఆవిడా, ఆర్నెల్ల వీసా మీద వచ్చిన మా అమ్మా.

పీట దొరకనిది నాకు. మా జిల్లా డెయిరీలో పదిహేడేళ్ళు పనిచేశాను. పాలు సీసాల్లో పోసిన కాలంలో ఆ సీసాలు కడిగే విభాగానికి నాణ్యత చూసేవాణ్ణి. అడిలైడ్‌లో పాలకీ పళ్ళరసాలకీ ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా అని దరఖాస్తులు పెట్టాను. అందరూ మర్యాదగా ఒకే మాట రాశారు: లోకల్ ఎక్స్‌పీరియన్స్ లేదు, మీ పని చూసిన ఇక్కడి మనిషి ఉత్తరం ఏదైనా ఉందా? పని ఇస్తే కదా పని చూసేది, పని చూస్తే కదా ఉత్తరం రాసేది. పగలంతా ఇంట్లో కూచుని, మా అమ్మ తరిగిన బెండకాయ ముక్కలు ఒకే పొడుగున్నాయా లేదా అని చూసే స్థితికి వచ్చాను.

"నన్ను ఆడిట్ చెయ్యకురా, వెళ్ళి ఏదైనా పని చూసుకో," అంది మా అమ్మ.

అలా పెరట్లోకి వెళ్ళాను. అలా కంచె మీద తల పెట్టాను.

పొరుగాయన అరవై దాటిన మనిషి. కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఎర్రటి మెడ, మోకాళ్ళ దాకా నిక్కరు. నా మాట విని సీసా పట్టుకున్న చెయ్యి అలాగే ఆపి నావైపు చూశాడు.

"నా సీసాలా? మేట్, నా మనవలకన్నా ఎక్కువసార్లు స్నానం చేయించాను వీటికి!"

"మెడ దగ్గర ఉంగరం చూడండి సార్."

"సార్ అనకు. నన్ను సార్ అనేది పోలీసులూ పళ్ళ డాక్టరూ." అని సీసా ఎండకి ఎత్తి చూశాడు. మెడ లోపల పలచగా తెల్లటి ఉంగరం. చెడిపోయిన సీసాకి అదే గుర్తు. పాలైనా అంతే, బీరైనా అంతే. అయినా ఆయన ఒప్పుకోలేదు. అప్పుడు నేను చేసిన పని మా ఆవిడకి చెబితే తల పట్టుకుంది. కంచె సందులోంచి దూరి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. ఆయన చేతిలోని సీసా తీసుకుని, కడిగి, నీళ్ళు నింపి వంచేశాను. శుభ్రమైన గాజు మీద నీళ్ళు దుప్పటిలా జారిపోతాయి. జిడ్డున్న గాజు మీద చుక్కలు చుక్కలుగా నిలబడతాయి. ఆయన సీసాలో చుక్కలు పెళ్ళివారిలా బారులు తీరి నిలబడ్డాయి.

"బ్లడీ హెల్," అన్నాడు ఆయన మెల్లిగా.

ఆ మాటతో మా స్నేహం మొదలైంది.

ఆయన నన్ను షెడ్‌లోకి తీసుకెళ్ళి బీరు ఎలా కాస్తాడో చూపించాడు. పెద్ద ప్లాస్టిక్ పీపాలో గింజల పాకం, నీళ్ళు, ఈస్టు కలిపి వారం పైగా పులియబెడతాడు. అది తేరాక గోధుమరంగు సీసాల్లో పోస్తాడు. పోసేముందు ఒక్కో సీసాలో కొలత చెంచాతో తలకొట్టి చక్కెర వేస్తాడు. బీరులో మిగిలిన ఈస్టు ఆ చక్కెర తిని గ్యాసు పుట్టిస్తుంది. మూత తీస్తే వచ్చే నురుగంతా ఆ ఒక్క చెంచా చక్కెర మహిమే. అంతా బాగానే చేస్తున్నాడు. సీసాలు మాత్రం నిమ్మవాసన సబ్బుతో పైపైన కడిగి, బట్టలుతికే గదిలో బోర్లించి, అంతటితో చేతులు దులిపేసుకుంటున్నాడు.

వాళ్ళావిడ టీ తెచ్చి చెవిలో చెబుతున్నట్టు అంది. "ఆయనకి మరుపు ఎక్కువైంది ఈమధ్య. మొన్న తోటకి నీళ్ళు పెట్టి పొద్దుటిదాకా కట్టెయ్యలేదు. బీరు చెడిపోయినా తనే ఏదో మరిచిపోయానని బెంగ." ఆయన విననట్టే షెడ్‌లో ఏదో సర్దుతున్నాడు. కాని విన్నాడు. మెడ ఇంకా ఎర్రబడింది.

అసలు సంగతి నెమ్మదిగా బయటపెట్టాడు. ఏటా చివరి రోజు ఆర్వో, అంటే మధ్యాహ్నం దాటాక, పాత ఫ్యాక్టరీ మిత్రులు ఆయన పెరట్లో చేరతారు. రెండేళ్ళుగా బీరు పుల్లబడింది. "పోయినేడు ఏం చేశారో తెలుసా? వాళ్ళ బీరు వాళ్ళే కార్లో పెట్టుకొచ్చారు. నా పెరట్లో! నా కుర్చీల్లో కూచుని!" అని, తరవాత నావైపు చూశాడు. "వాళ్ళలో ఒకడు ఇప్పుడు పళ్ళరసాల ఫ్యాక్టరీలో క్వాలిటీ రూమ్‌కి పెద్ద. నువ్వు నా సీసాలు కడుగు. ఒక్క సీసా పుల్లబడకపోతే, నీ పని చూసిన లోకల్ మనిషిని నేను. ఉత్తరం రాస్తాను. వాడికి ఎదురుగా నిన్ను చూపిస్తాను."

నాకు ఆ షెడ్‌లోనే రెండు గంతులు వెయ్యాలనిపించింది. డైరీలో మాత్రం "అంగీకరించాను" అని రాశాను.

ఒక్క చిక్కు. మా అమ్మకి ఏం చెప్పాలి? పెళ్ళి భోజనాల్లో తాగొచ్చినవాడు పక్క విస్తట్లో కూచుంటే లేచి వెళ్ళిపోయే మనిషి ఆవిడ. కొడుకు సారా సీసాలు కడుగుతున్నాడంటే ఆ రాత్రే విమానం ఎక్కుతుంది. అందుకని అల్లం సోడా అన్నాను.

"అల్లం సోడానా? ఇంట్లో చేస్తారా?"

"ఆఁ. ఈ దేశంలో అంతే."

డైరీలో కూడా "సోడా సీసాలు" అనే రాశాను. మా అమ్మ డైరీ చదవదు. అయినా రాశాను. అబద్ధం నా డైరీలోకి రావడం అదే మొదటిసారి, ఇప్పటిదాకా చివరిసారి.

డిసెంబరు మొదటి శనివారం ముప్పై సీసాలూ రెండు పెట్టెల్లో మా ఇంటికి వచ్చాయి. మా డెయిరీ పద్ధతిలోనే చేస్తానని పట్టుబట్టి తెచ్చుకున్నాను. ఆ రోజు నాకు కలిగిన ఆనందం చెబితే నమ్మరు. అయిదు నెలల తరవాత చేతికి పని! పొద్దున్నే లేచి, తలంటుకుని, డెయిరీలో వేసుకునే తెల్లకోటు పెట్టెలోంచి తీసి తొడుక్కున్నాను. మా ఆవిడ ఆఫీసుకి బయలుదేరుతూ గుమ్మంలో ఆగిపోయింది. వారాంతాలు కూడా ఆఫీసే ఆవిడకి ఆ రోజుల్లో.

"ఏంటండీ ఈ వేషం? ల్యాబ్ ఓపెన్ చేశారా లాండ్రీలో?"

"నవ్వకు. ఇవాళ నాకు డ్యూటీ."

"ఓకే డాక్టర్ గారూ. డ్యూటీ అయ్యాక కుక్కర్ పెట్టండి, నాకు లేట్ అవుద్ది."

సీసాలకి చెరగని సిరాతో ఒకటి నుంచి ముప్పై దాకా అంకెలు వేశాను. వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి గంటసేపు నానబెట్టాను. పొడుగు బ్రష్షుతో అడుగు ఇరవైసార్లు, మెడ పదిసార్లు తిప్పాను. నాలుగు నీళ్ళు మార్చాను. ఒక్కోదాన్నీ కిటికీ వెలుగుకి ఎత్తి దుప్పటి పరీక్ష చేశాను. పదిహేడో సీసా మూడుసార్లు తప్పింది. దాన్ని తిట్టి, మళ్ళీ నానబెట్టి నాలుగోసారి నెగ్గించాను. కడగడం అయ్యాకే శుద్ధి. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. మురికి పోవడం వేరు, కంటికి కనబడని క్రిములు పోవడం వేరు. మురికి మీద మందు పోస్తే మురికి స్నానం చేస్తుంది, అంతే. మా డెయిరీలో వాడిన అయొడిన్ మందే ఇక్కడి బీరు సామాన్ల కొట్టులో దొరికింది. పలచటి టీ రంగు వచ్చేలా నీళ్ళలో కలిపి, సీసాలు నింపి, పది నిమిషాలుంచి బోర్లించాను. కొలత సరిగ్గా ఉంటే మళ్ళీ కడగక్కర్లేదు. గుడ్డ అసలు తగలకూడదు.

అక్కడే మా అమ్మతో యుద్ధం.

"తడి సీసాల్లో ఏం పోసినా బూజు పడుతుందిరా. ఆవకాయ జాడీ ఎలా ఆరబెడతాం? ఎండలో పెట్టు. నా పాత చీర ముక్క ఇస్తాను, శుభ్రంగా తుడువు."

"అమ్మా! చీర ముక్కలో కోటి క్రిములుంటాయి."

"నా చీరలోనా? నువ్వు ఆ చీర ఉయ్యాల్లో పెరిగావురా, ఏ క్రిమీ కుట్టలేదు నిన్ను."

"ఇది ఆవకాయ కాదమ్మా. ఆవకాయకి తడి శత్రువు. దీనికి దుమ్ము శత్రువు."

"పదిహేడేళ్ళు పాలసీసాలు కడిగినవాడు జాడీ సంగతి నాకు చెబుతాడు," అని గోడతో చెప్పుకుంది.

చివరికి సీసాలు నిలబెట్టి, ఒక్కోదాని మూతికి అల్యూమినియం ఫాయిలు ముక్క తొడిగి, పెట్టెల్లో అంకెల వరసలో సర్దాను. చక్రాల బండి అడిగి తెద్దామని పక్కింటికి వెళ్ళాను. ఆయన బండి ఎక్కడ పెట్టాడో మరిచిపోయి వెతికాడు కాబట్టి పావుగంట పట్టింది. తిరిగొచ్చి చూస్తే ఫాయిలు మూతలు నేను పెట్టినదానికన్నా పొందికగా ఉన్నాయి. అంచులు మడిచి, నొక్కి, బుజ్జి కిరీటాల్లా. మా అమ్మ కోపం తగ్గి సర్దిందనుకుని సంతోషించాను.

ఇక్కడ మా అమ్మకీ పక్కింటావిడకీ ఉన్న స్నేహం గురించి ఒక మాట చెప్పాలి. ఇద్దరికీ కలిసిన భాష లేదు. గిన్నెలతో మాట్లాడుకునేవారు. ఆవిడ రేకు డబ్బాలో ఆప్రికాట్లు పంపితే మా అమ్మ అదే డబ్బాలో జంతికలు పంపేది. ఆవిడ కేకు పంపితే ఈవిడ సున్నుండలు పంపేది. ఒక్కొక్కసారి ఇంట్లో ఏమీ లేకపోతే కడిగిన డబ్బా అడుగున చిటికెడు చక్కెర వేసి ఇచ్చేది. ఎవరి గిన్నె అయినా మన గుమ్మం దాటేటప్పుడు ఖాళీగా దాటకూడదు కదా, చిన్నప్పటినుంచీ మనం చూసిందే. పక్కింటావిడ ఆ చక్కెర చూసి చీమల మందేమో అనుకుందట. అయినా మర్యాదకి ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం కాఫీలో చక్కెర లేదు. "డబ్బా ఖాళీ అయిపోయింది," అంది మా అమ్మ. డైరీలో ఆ రోజు ఆఖరి వాక్యం ఇదే: "చక్కెర కొనాలి."

ఆ మర్నాడు పొరుగాయన నా ఎదురుగానే బీరు పోశాడు. ఒక్కో సీసాకి ఒక్క చెంచా చక్కెర, తలకొట్టి. చేతిమరతో మూత బిగిస్తూ ప్రతిసారీ "ఒకటి వేశాను కదా?" అని నన్నడిగాడు. నేను ప్రతిసారీ "వేశారు" అన్నాను. మూతల మీద కూడా అంకెలు రాశాను. మధ్యలో ఒకటి తెరిచి పరీక్షిద్దామంటే ఒప్పుకోలేదు. "క్రిస్మస్ కానుక ముందే విప్పుతామా మేట్?" సీసాలు షెడ్‌లో మూడు వారాలకి పైగా నిద్రపోయాయి. నాకు మాత్రం సరిగా నిద్ర లేదు.

డిసెంబరు ముప్పై ఒకటి. ఇక్కడ డిసెంబరంటే నడివేసవి, రేకులు పేలిపోయే ఎండ. మా ఆవిడ పొద్దున్నే ఆఫీసుకి వెళ్తూ, "రేపు పొద్దున దాకా రాను. ప్రపంచం ఆగిపోతే ఫోన్ చేస్తా," అంది. మా అమ్మ ముందు జాగ్రత్తగా ఇంట్లో ఉన్న బకెట్లన్నీ నింపి పెట్టింది. మధ్యాహ్నానికి పక్కింటి పెరట్లో బార్బీ, అదే మాంసం కాల్చే పొయ్యి, వెలిగింది. అయిదారుగురు ముసలి మిత్రులొచ్చారు. కార్లలోంచి ఎవరైనా సొంత బీరు తీస్తారేమోనని పొరుగాయన కళ్ళు వాళ్ళ చేతుల మీదే ఉన్నాయి. ఎవరూ తీయలేదు. వచ్చినవాళ్ళలో పొడుగ్గా, కళ్ళజోడుతో, తెల్ల చొక్కా నలగకుండా ఉన్నాయనే క్వాలిటీ రూమ్ పెద్ద. నేను డైరీ చంకలో పెట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. మా అమ్మ మిరపకాయ బజ్జీల పళ్ళెంతో పక్కింటావిడ దగ్గర నీడలో కూచుంది.

పొరుగాయన ఐసులోంచి ఒకటో నంబరు సీసా తీశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడు నాకొక నిపుణుడు దొరికాడు," అని నావైపు చూపించి మూత తీశాడు.

బీరు ఆకాశానికి వెళ్ళింది.

అతిశయోక్తి కాదు. మూత ఎటు పోయిందో తెలీదు. తెల్లటి నురుగు ఆయన నిక్కరు మీంచి, గడ్డం మీంచి, నెత్తిమీద రేకు అంచు దాకా లేచి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, క్వాలిటీ రూమ్ పెద్ద తెల్లచొక్కా మీద కూలింది.  తరవాత ముసలివాళ్ళందరూ కుర్చీల్లో పడిపడి నవ్వారు.

"ఇంకోటి! ఇంకోటి తియ్యి!"

రెండోది కంచె దాటింది. మూడోదాన్ని ఆయన బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. అది పక్కకి చీలి రెండు పిచికారీలై ఒకటి నా డైరీనీ, ఇంకోటి బార్బీనీ తడిపింది. నిప్పులు చుయ్‌మన్నాయి. నాలుగోది తీసినాయన మూత తీస్తూనే పరుగెత్తాడు. ఆ పరుగుకి ఆయన వెనకాల నురుగు తోకలా వచ్చింది. పెద్దమనుషులు, మనవలున్నవాళ్ళు, పెరడంతా జారుతూ, అరుస్తూ, తడిసిన చేతులు నాక్కుంటూ, పిల్లలైపోయారు. నాకూ నవ్వు ఆగలేదు. ఉద్యోగం పోతోందని ఒక పక్క తెలుస్తూనే ఉంది, పొట్ట పట్టుకుని మరీ నవ్వాను.

నవ్వనిది ఒక్కడే. పొరుగాయన ఖాళీ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రెండుసార్లు వేశాను," అన్నాడు. "చక్కెర. మరిచిపోయి రెండుసార్లు వేసి ఉంటాను."

"వయసు మేట్, వయసు!" అని ఎవరో వీపు తట్టారు. వేళాకోళానికే. కాని వాళ్ళావిడ లేచి నిలబడింది. ఆయన గడ్డం మీంచి బీరు కారుతోంది. తుడుచుకోలేదు.

నేను చూశాను కదా, ఒక్కసారే వేశాడు. ముప్పైసార్లు చూశాను. మరి ఈ పొంగు ఎక్కడిది? తడిసిన డైరీ తెరిచాను. నానబెట్టిన గంట, బ్రష్షు, మందు కొలత, అన్నీ ఉన్నాయి. ఏ తప్పూ లేదు. అప్పుడు నా వెనక మా అమ్మ గొంతు వినిపించింది, తెలుగులో, మహా సంబరంగా.

"అమ్మ బాబోయ్! చిటికెడు చక్కెరకే ఇంత పొంగేంట్రా!"

నేను వెనక్కి తిరిగాను. "ఏ చక్కెరమ్మా?"

"ఖాళీ సీసాలు ఎలా పంపుతాంరా? నువ్వు బండికోసం వెళ్ళినప్పుడు తలా ఒక చిటికెడు వేశాను. చివర మూడింటికి చాల్లేదు. డబ్బా అడుక్కంటింది."

మా అమ్మ చిటికెడంటే మూడువేళ్ళ చిటికెడు. చెంచాలో మంచి భాగం. తడి సీసాల్లో అది కరిగిపోయి గోధుమరంగు గాజులో కంటికి కనబడలేదు.

ఆ పెరట్లో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. నేను ఊరుకుంటే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. నా సీసాలు శుభ్రం, తప్పు చక్కెరది, చక్కెర వేసింది ముసలాయన. అలా అనుకుంటే నా ఉత్తరానికి ఢోకా లేదు. చెబితే, నా ఇంట్లోనే నా సీసాల్లో ఎవరో చెయ్యి పెడితే గమనించని నిపుణుణ్ణి నేను. క్వాలిటీ రూమ్ పెద్ద కళ్ళజోడు తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాడు. పొరుగాయన సీసా అడుగులోకి చూస్తున్నాడు, పోయినదేదో అక్కడ పడినట్టు.

"మీరు ఒక్కసారే వేశారు," అన్నాను గట్టిగా. "రెండోసారి వేసింది మా అమ్మ."

అంతా చెప్పాను. గిన్నె సంగతి, గుమ్మం సంగతి, కిరీటాల్లాంటి ఫాయిలు మూతలు చూసి కూడా అడగని నా సంగతి. డైరీలో "చక్కెర కొనాలి" అన్న వాక్యం చూపించాను. పక్కింటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ చక్కెర! నేను చీమల మందనుకుని ఎన్నిసార్లు కడిగేశానో!"

"అంటే నేను మరిచిపోలేదు?" అన్నాడు పొరుగాయన.

"లేదు."

"ఒక్కసారే వేశాను?"

"ముప్పైసార్లు నన్నడిగారు. ముప్పైసార్లూ చెప్పాను."

ఆయన తల వెనక్కి వంచి నవ్వాడు. ఆ నవ్వుకి మా అమ్మ చేతిలో పళ్ళెం కదిలింది.

క్వాలిటీ రూమ్ పెద్ద మాత్రం నవ్వలేదు. "ఋజువు?" అన్నాడు.

ఋజువు ఉందని అప్పుడు తట్టింది. పరుగెత్తి ఐసు డబ్బాలో చేతులు పెట్టి వెతికాను. ఇరవై ఎనిమిదో నంబరు సీసా. పెట్టెల్లో అంకెల వరసలో సర్దాను. మా అమ్మ ఏ పనైనా మొదటి నుంచీ వరస తప్పకుండా చేస్తుంది, వడియాలు పెట్టినా అంతే. చివరి మూడింటికి చక్కెర చాల్లేదు. అందరూ కుర్చీల వెనక దాక్కున్నారు. పొరుగాయన మొహం పక్కకి తిప్పుకుని, చెయ్యి దూరంగా చాచి మూత తీశాడు.

ఉస్సుమంది. అంతే. పిల్లి తుమ్మినంత చప్పుడు. గ్లాసులో పోస్తే బంగారు రంగు, పైన రెండువేళ్ళ నురుగు. క్వాలిటీ రూమ్ పెద్ద వెలుగుకి ఎత్తి చూశాడు, వాసన చూశాడు, తాగాడు, మళ్ళీ తాగాడు. తరవాత పొంగిపోయిన సీసాల అడుగున మిగిలినది కూడా వరసగా రుచి చూశాడు. "ఒక్కటీ పుల్లబడలేదు," అన్నాడు. గ్లాసు నాకు అందించాడు. నేను తాగను. వాసన చూశాను. పదిహేడేళ్ళు సీసాల మూతుల దగ్గర పెట్టిన ముక్కు ఇది. ఎక్కడా పులుపు లేదు.

"మీ అమ్మగారు లేకుండా పని చెయ్యగలరా?" అన్నాడు ఆయన, తడి చొక్కా పిండుకుంటూ.

"ప్రయత్నిస్తాను సార్."

"సార్ అనకు," అని పెరడంతా ఒక్కసారి అరిచింది.

మిగిలింది మా అమ్మకి చెప్పడం. పక్కన కూచుని, "అమ్మా, అది అల్లం సోడా కాదు, బీరు," అన్నాను.

"తెలుసులే," అంది బజ్జీ తుంపుతూ. "అల్లం వాసన లేని అల్లం సోడా ఎక్కడుందిరా? ఆ సీసాలు ఇంట్లోకొచ్చిన రోజే తెలుసు."

"మరి తెలిసి తెలిసి చక్కెరెందుకేశావ్?"

"వాళ్ళేం పోసుకుంటే నాకేం? పంపింది మన గుమ్మంలోంచి కదా."

మర్నాడు పొద్దున మా ఆవిడ ఎర్రటి కళ్ళతో వచ్చి, "ఏమీ అవ్వలేదండీ. ఒక్క కంప్యూటర్ కూడా ఆగలేదు. ఇన్ని నెలలు ఎందుకు కష్టపడ్డామో!" అని సోఫాలో కూలబడింది. "ఇక్కడ అయింది," అని తడిసి ఉబ్బిన డైరీ చేతికిచ్చాను. చదివి, నిద్ర మరిచిపోయి నవ్వింది.

ఆ వారంలోనే పక్కింటావిడ మా సున్నుండల డబ్బా తిరిగి పంపింది. మూత తీస్తే లోపల నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఉత్తరం. పొరుగాయన సొంత చేత్తో, పెద్ద పెద్ద అక్షరాల్లో రాశాడు. ఇతని పని నా కళ్ళతో చూశాను. ఇతను కడిగిన సీసా పుల్లబడదు. చెప్పక్కర్లేని నిజం కూడా చెబుతాడు. అన్నీ రాసిపెట్టుకుంటాడు, వాళ్ళమ్మగారు చేసేవి తప్ప.

క్వాలిటీ రూమ్‌లో మూడు నెలలకని చేరి, రిటైరయ్యేదాకా ఉన్నాను. ఆ ఉత్తరం ఇప్పటికీ ఆ డైరీలోనే ఉంది.

ఆ రోజు మాత్రం దాన్ని మా అమ్మకి తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా విని, డబ్బా తీసుకుని, వెలుగుకి వంచి అడుగు చూసింది.

"కాగితం ఒక్కటేనా? చిటికెడు చక్కెరైనా వెయ్యలేదా?"